మట్టిని పట్టి ఉంచే నలుపు

తుంగభద్ర జలాశయం కట్టినప్పుడు అందులో 133 టీఎంసీల నీరు పట్టేది. ఇప్పుడు పట్టేది 105.8 టీఎంసీలే. శ్రీశైలం 308 నుంచి 215కు, నాగార్జునసాగర్ 408 నుంచి 312కు, పోచంపాడు దగ్గరి శ్రీరాంసాగర్ 112 నుంచి 80 దరిదాపులకు దిగాయి. ఈ అంకెలు మనకు ఎక్కువగా నీటి పంపకాల గొడవల్లోనే వినిపిస్తాయి. తగ్గిన చోటంతా పూడికతో నిండిందని ఇంజనీర్లు చెబుతారు. ఆ పూడిక ఒకప్పుడు ఎగువ పొలాల్లో, గుట్టల మీద, బంజర్లలో పైపొరగా ఉన్న మట్టి. అందులో రైతు వేసిన పెంట ఉంది, కొన్న డీఏపీ ఉంది, తరతరాలుగా ఆకు అలము కుళ్లి చేరిన సారం ఉంది.

దేశం మొత్తం మీద ఎంత మట్టి కదులుతోందో 1983లో ధ్రువ నారాయణ, రాంబాబు అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఏటా 533 కోట్ల టన్నులు. హెక్టారుకు సగటున 16 టన్నులకు పైగా. అందులో 29 శాతం సముద్రంలో కలుస్తోంది, 10 శాతం జలాశయాల్లో చేరుతోంది, మిగిలింది ఒకచోట లేచి మరోచోట పడుతోంది. ఎకరానికి చూస్తే ఆరున్నర టన్నులు, అంటే రెండు ట్రాక్టర్ ట్రాలీల మట్టి. పొలంలో నిలబడి చూస్తే ఇది కంటికి కనిపించదు. అంత మట్టిని ఎకరం మేర పరిస్తే మందం మిల్లీమీటరు కొంచెం దాటుతుంది, అంతే. రైతు పసిగట్టేది చాలా ఏళ్ల తర్వాత, నాగలికి మొరం తగలడం మొదలైనప్పుడు.

తెలంగాణ చెల్కల్లో, రాయలసీమ ఎర్రనేలల్లో ఈ నష్టం మరింత తొందరగా తెలుస్తుంది. పైమట్టి పలుచన, దాని కింద గరప. వాన తక్కువ కాబట్టి కోత కూడా తక్కువే ఉంటుందని అనుకోవడం పొరపాటు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడే అనంతపురంలో కూడా ఆ వాన కొద్ది రోజుల్లోనే, కొద్ది గంటల్లోనే దంచి కొడుతుంది. పెద్ద చినుకు నేలను తాకే వేగం సెకనుకు 9 మీటర్ల దాకా ఉంటుంది. దుక్కి చేసి, విత్తు వేసి, మొక్క ఇంకా నేలను కప్పని జూన్, జూలై నెలల్లో ఆ దెబ్బంతా ఉత్త మట్టి మీదే పడుతుంది. మట్టి గుళిక పగులుతుంది. అందులోంచి విడిపోయిన బంకమట్టి రేణువులు పక్కనున్న సన్న రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. కాసేపటికి నేల అట్ట కడుతుంది. ఆ అట్ట మీద పడిన నీరు లోపలికి ఇంకలేక పారడం మొదలుపెడుతుంది, పారే నీరు సన్న మట్టిని వెంట తీసుకుపోతుంది. ఎండ కాసిన తర్వాత అదే అట్ట గట్టిపడి, ఆముదం, వేరుశనగ మొలకలను పైకి రానివ్వదు. నీరు నిలవలేదు, మొలక రాలేదు, మట్టి పోయింది. ఈ మూడు నష్టాలకూ కారణం ఒకటే: మట్టి గుళికకు పట్టు లేకపోవడం.

ఆ పట్టు ఎక్కడిది? కొంత బంకమట్టిది, కొంత ఎర్రనేలల్లో ఉండే ఇనుప ఆక్సైడ్లది. మిగిలిన పనంతా కర్బనానిది. ఆకులు, వేళ్లు, పేడ నేలలో కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు జిగురు లాంటి చక్కెర పదార్థాలను విడుదల చేస్తాయి. బూజు దారాలు రేణువులను చుట్టి పట్టుకుంటాయి. పాకం కుదరని పల్లీ ఉండ చేతిలోనే రాలిపోయినట్టు, ఈ జిగురు లేని మట్టి గుళిక నీళ్లు తగలగానే విడిపోతుంది.

దీన్ని చూడడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఏళ్ల తరబడి పశువుల ఎరువు పడిన పెరట్లోంచి ఒక పెడ్డ, రసాయన ఎరువులతోనే నడిచిన చెల్క నుంచి అంతే సైజు పెడ్డ తీసుకోవాలి. రెండింటినీ నీడలో బాగా ఆరబెట్టి, వెడల్పాటి గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి, టీ వడపోసే జాలీ మీద పెట్టి మెల్లగా దించాలి. చెల్క పెడ్డలోంచి గాలి బుడగలు గబగబా లేస్తాయి, అంచులు జారతాయి, చాలాసార్లు ఐదు నిమిషాలు తిరక్కుండానే గ్లాసు అడుగున ఎర్రటి బురద పేరుకుంటుంది. పెరటి పెడ్డలోంచి కూడా బుడగలు వస్తాయి, కానీ నిదానంగా. నీరు తేటగా ఉంటుంది, పెడ్డ ఆకారం చెదరదు. పొడి మట్టిలోకి నీరు దూసుకెళ్లినప్పుడు లోపల చిక్కిన గాలి ఒత్తిడికి గుళిక పేలుతుంది. కర్బనం ఉన్న గుళికలో నీరు నెమ్మదిగా పాకుతుంది, గాలికి బయటపడే వ్యవధి దొరుకుతుంది, పైగా జిగురు విడవదు. నేలకోత గురించి పాఠాలెన్ని చదివినా ఈ రెండు గ్లాసులు చెప్పినంత సూటిగా చెప్పలేవు.

కర్బనం చేసే రెండో పని పోషకాలను పట్టుకోవడం. హ్యూమస్ రేణువుల పైభాగాన రుణావేశాలు ఉంటాయి. అమ్మోనియం, పొటాష్, కాల్షియం, మెగ్నీషియం అయాన్లకు ధనావేశం కాబట్టి అవి అక్కడ అంటుకుని, వేరు అడిగినప్పుడు విడుదలవుతాయి. ఎర్రనేలల్లోని బంకమట్టి ఎక్కువగా కెయోలినైట్ రకం, దానికి ఈ పట్టుకునే శక్తి చాలా తక్కువ. నల్లరేగడికి బంకమట్టే ఆసరా ఇస్తుంది. చెల్కకు ఆ ఆసరా లేదు, కర్బనం మీదే ఆధారపడాలి. ఉండవలసిన చోటే అది అన్నిటికంటే తక్కువగా ఉంది. 2015లో మొదలైన భూసార పరీక్ష కార్డుల్లో సేంద్రియ కర్బనానికి ఒక గడి ఉంటుంది. 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. మెట్ట రైతుల కార్డుల్లో ఆ గడిలో తక్కువ అనే మాటే మామూలు. ఎకరం నేలలో 15 సెంటీమీటర్ల లోతు వరకు ఉండే మట్టి 800 టన్నుల పైమాటే. అందులో 0.5 శాతం అంటే నాలుగు టన్నులు. మన పంటను నిలబెడుతున్నది ఆ నాలుగు టన్నులే.

కోతకు ఇంకో దుర్గుణం ఉంది. నీరు మట్టిని ఏరుకుని తీసుకుపోతుంది. ముందు తేలికైన హ్యూమస్, సన్నని బంకమట్టి పోతాయి. బరువైన ఇసుక, గులకరాళ్లు మిగులుతాయి. అందుకే కొట్టుకుపోయిన మట్టిలో పోషకాలు, కర్బనం పొలంలో మిగిలిన మట్టిలో కంటే ఎక్కువ. భాస్వరం ఎక్కువగా ఈ సన్న రేణువులకు అంటుకునే ప్రయాణిస్తుంది. నత్రజని మాత్రం నైట్రేట్ రూపంలో నీటిలో కరిగి, వేళ్లకు అందనంత లోతుకు జారుతుంది. ఒకటి గట్టు దాటి పోతుంది, ఇంకొకటి కాళ్ల కిందికి పోతుంది. డీఏపీ బస్తాకు 1,350 రూపాయలు పెట్టే రైతుకు ఈ రెండు దారులూ తెలియాలి, ఎందుకంటే వాటిని మూసే పద్ధతులు వేరు.

మన ఊళ్లకు ఇందులో కొంత ఎప్పటి నుంచో తెలుసు. ఎండాకాలం చెరువు ఎండగానే బండ్లతో చెరువు మట్టి తోలి చెల్కల్లో పోయడం అంటే, కొట్టుకుపోయిన బంకమట్టిని, కర్బనాన్ని వాపసు తెచ్చుకోవడమే. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక తీతతో పాటు ఆ మట్టిని పొలాలకు చేర్చాలన్నది కూడా ఉద్దేశం. ఇసుక పాలు ఎక్కువైన నేలకు చెరువు మట్టిని మించిన మందు లేదని నా నమ్మకం. రెక్కల కష్టం, రవాణా ఖర్చు తప్ప దానికి వేరే లోటు లేదు. మంద కట్టించడం, జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి పూతకు రాగానే కలియదున్నడం, గట్ల మీద గ్లిరిసిడియా పెంచి రొట్ట కోసి వేయడం అన్నీ కర్బనాన్ని నేలకు చేర్చే దారులే.

కానీ వేడి నేలలో ఈ కర్బనం నిలవదు. నలభై డిగ్రీల ఎండ, పదే పదే దున్నకం, మధ్యలో ఒక వాన పడితే సూక్ష్మజీవులు విజృంభించి కుళ్లబెట్టేస్తాయి. ఈ ఏడు వేసిన పెంటలో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. అనంతపురంలో 1985 నుంచి ఇరవై ఏళ్లు వేరుశనగ మీద నడిపిన దీర్ఘకాల ప్రయోగం ఈ సంగతిని అంకెల్లో చూపించింది. నేలలో ఉన్న కర్బనం తగ్గకుండా, పెరగకుండా ఉన్నచోటే ఉండాలంటే ఏటా హెక్టారుకు దాదాపు 1.1 టన్నుల కర్బనం చేరుతూ ఉండాలని తేలింది. ఎకరానికి సుమారు 450 కిలోలు. ఎండిన మొక్కలో కర్బనం 40 శాతానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, ఎకరానికి టన్నుకు పైగా ఎండు రొట్ట ఏటా నేలకు చేరాలన్నమాట. అదీ కేవలం దిగజారకుండా ఉండడానికి. సగం మోతాదు రసాయన ఎరువుతో పాటు హెక్టారుకు 4 టన్నుల వేరుశనగ పొట్టు వేసిన మడులు ఆ ప్రయోగంలో ముందు నిలిచాయి. మిల్లుల దగ్గర ఇటుక బట్టీలకు అమ్ముడుపోయే పొట్టు అది.

త్వరగా కుళ్లిపోయే కర్బనానికి తోడు, నెమ్మదిగా కూడా కదలని కర్బనం ఏదైనా ఉందా అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. జవాబు దక్షిణ అమెరికాలో దొరికింది.

అమెజాన్ అడవుల్లో సహజమైన నేల పసుపు, ఎరుపు కలిసిన నిస్సారమైన నేల. ఏడాదికి రెండు మీటర్లకు పైగా కురిసే వానకు పోషకాలన్నీ కడిగేసినట్టు పోతాయి. అయినా నదుల ఒడ్డున అక్కడక్కడా నల్లటి మట్టి తునకలు ఉన్నాయి. వాటిని టెర్రా ప్రేటా అంటారు. పోర్చుగీసు భాషలో నల్లమట్టి అని అర్థం. డచ్ శాస్త్రవేత్త విమ్ సోంబ్రూక్ 1966లో అమెజాన్ నేలల మీద రాసిన పుస్తకంతో వీటి మీద లోకం దృష్టి పడింది. యూరోపియన్లు రాకముందు అక్కడ బతికిన ఆదివాసులు వంటపొయ్యి బొగ్గులు, ఎముకలు, చేప ముళ్లు, కుండ పెంకులు, మలమూత్రాలు వందల ఏళ్లపాటు వేస్తూ వచ్చిన చోట్లు ఇవి. చుట్టుపక్కల మట్టి కంటే వీటిలో బొగ్గు 70 రెట్ల వరకు ఎక్కువ ఉందని జర్మన్ శాస్త్రవేత్త బ్రూనో గ్లాజర్, ఆయన సహచరులు 2001లో చూపించారు. ఊళ్లు మాసిపోయి ఐదు వందల ఏళ్లయినా, అంత వానలో కూడా ఆ నేలల్లో సారం మిగిలే ఉంది.

గాలి సరిగ్గా అందకుండా 350 నుంచి 600 డిగ్రీల వేడిలో మొక్కల వ్యర్థాన్ని కాలిస్తే మిగిలే బొగ్గునే బయోచార్ అంటున్నాం. ఆ వేడిలో కర్బన పరమాణువులు ఆరేసి కలిసి వలయాలుగా, వలయాలు పొరలుగా అల్లుకుంటాయి. ఆ అల్లికను విడదీయడం సూక్ష్మజీవులకు చాలా కష్టం. అందుకే పేడ ఏళ్లలో పోతే బొగ్గు వందల ఏళ్లు నిలుస్తుంది. మొక్కలో నీరు ప్రయాణించిన సన్న గొట్టాలు కాలిన తర్వాత కూడా అలాగే రంధ్రాలుగా మిగులుతాయి. బాగా కాలిన కర్ర బొగ్గులో ఒక్క గ్రాము లోపలి ఉపరితలం వందల చదరపు మీటర్లు ఉండవచ్చు. నీరు అక్కడ నిలుస్తుంది, సూక్ష్మజీవులు తలదాచుకుంటాయి. నేలలో పడి ఏళ్లు గడిచేకొద్దీ బొగ్గు పైభాగం ఆక్సిజన్‌తో చర్య జరిపి రుణావేశాలు సంతరించుకుంటుంది. పాతబడినకొద్దీ దాని పట్టు పెరుగుతుందే గాని తగ్గదు.

నేలకోత విషయంలో నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించిన ప్రయోగం తైవాన్‌లో జరిగింది. అక్కడి శాస్త్రవేత్తలు జీన్, వాంగ్ వాడింది సుబాబుల్ కర్ర బొగ్గు. ఒంగోలు, కృష్ణా ప్రాంతాల్లో కాగితం మిల్లుల కోసం రైతులు పెంచే సుబాబులే. బాగా క్షీణించిన ఆమ్ల నేలలో ఆ బొగ్గును 2.5 శాతం, 5 శాతం చొప్పున కలిపి, కొన్ని నెలలు నాననిచ్చి, కృత్రిమంగా వాన కురిపించారు. బొగ్గు కలపని మట్టితో పోలిస్తే కోత 50 శాతం, 64 శాతం తగ్గింది. 2013లో వచ్చిన ఫలితం ఇది. అంతకు ముందు 2010లో అమెరికాలోని అయోవాలో డేవిడ్ లైర్డ్ బృందం మట్టి నింపిన గొట్టాల్లో పంది ఎరువు వేసి, పైనుంచి నీరు పోస్తూ, కింద కారిన నీటిని పరీక్షించింది. కిలో మట్టికి 20 గ్రాముల బొగ్గు కలిపిన గొట్టాల్లోంచి కరిగిన భాస్వరం 69 శాతం తక్కువగా, నత్రజని 11 శాతం తక్కువగా బయటికి వచ్చాయి. ఈ రెండు అంకెల మధ్య తేడా గమనించదగ్గది. నైట్రేట్‌కు కూడా రుణావేశమే కాబట్టి బొగ్గుకు అది తేలిగ్గా చిక్కదు. బొగ్గు వేశాం కదా అని యూరియా మొత్తం ఒకేసారి చల్లితే పెద్ద వానకు పోయేది పోతుంది. దఫదఫాలుగా వేయక తప్పదు.

ఇక్కడ ఒక లెక్క చూసుకోవాలి. బయోచార్ గురించి రాసే చాలామంది ఈ లెక్క దగ్గర ఆగరు. తైవాన్ ప్రయోగంలోని 2.5 శాతాన్ని మన ఎకరానికి మారిస్తే 800 టన్నుల మట్టికి 20 టన్నుల బొగ్గు అవుతుంది. ఎకరం పత్తి చేలో పీకిన కట్టె టన్ను ఉందనుకుందాం. కాలిస్తే నాలుగో వంతు నుంచి మూడో వంతు బొగ్గవుతుంది, అంటే 300 కిలోలు. సొంత కట్టెతో తైవాన్ మోతాదుకు చేరాలంటే అరవై ఏళ్లకు పైగా పడుతుంది. కొనుక్కుని వేయడం మెట్ట రైతు తాహతుకు మించిన మాట. అమ్మేవాళ్లు ఎకరానికి రెండు బస్తాల బొగ్గు పొడి వేస్తే నేల మారిపోతుందని చెబితే, ప్రయోగశాల అంకెలను దానికి సాక్ష్యంగా చూపడం అన్యాయం. ఆ అంకెలు వేరే మోతాదువి.

ఇంకో హెచ్చరిక కొలంబియా నుంచి వచ్చింది. అక్కడి గడ్డి మైదానాల ఎర్రనేలలో బొగ్గు వేసి రెండేళ్ల తర్వాత జూలీ మేజర్ బృందం వెతికితే, కుళ్లి గాలిలో కలిసింది 2.2 శాతమే, లోతుకు జారింది ఒక శాతమే. కానీ 20 నుంచి 53 శాతం దాకా లెక్కకు దొరకలేదు. కుండపోత వానలకు పారే నీటితో అది కొట్టుకుపోయి ఉంటుందని వాళ్లు తేల్చారు. బొగ్గు తేలిక, నీటి మీద తేలుతుంది. కోతను ఆపడానికి వేసిన పదార్థమే కోతకు ముందుగా బలవుతుంది. పొడిగా ఉన్న తాజా బొగ్గు నీటిని మొదట కొంత వెనక్కి నెడుతుంది కూడా. వాలు పొలంలో పైపైన చల్లి వదిలేసిన బొగ్గు తొలకరికే వాగు చేరుతుందని చెప్పడానికి ఇంకేం కావాలి?

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది: బొగ్గును ఒంటరిగా, పొలమంతా, ఒకేసారి వేసే మందుగా చూడకూడదు. త్వరగా కుళ్లే ఎరువుతో కలిపి, వేరు ఉండే చోట, ఏటా కొద్దికొద్దిగా, గట్లు సరిచేసుకున్న పొలంలో వేయాలి. టెర్రా ప్రేటా తయారైంది కూడా అలాగే కదా. అక్కడ బొగ్గుతో పాటు ఎముక, పేడ, వంటింటి చెత్త ఉన్నాయి, వందల ఏళ్ల కాలం ఉంది. ఎకరమంతా పరిస్తే 300 కిలోల బొగ్గు ఎక్కడుందో కనిపించదు. అదే బొగ్గు నాలుగింతల పశువుల ఎరువుతో కలిసి, విత్తే సాలులో అరచేయి వెడల్పున పడితే ఆ సాలు వరకు గట్టి మోతాదే అవుతుంది. కూరగాయల బోదెలకు, మామిడి, బత్తాయి పాదులకు ఇది మరింత నప్పుతుంది.

తయారీ కష్టమేమీ కాదు. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అందరూ క్రీడా అని పిలిచేది, 200 లీటర్ల నూనె డ్రమ్ముతోనే బట్టీ రూపొందించింది. పత్తి, కంది, ఆముదం, మొక్కజొన్న కట్టెల మీద దాన్ని పరీక్షించింది. డ్రమ్ము అడుగున గాలికి రంధ్రాలు, పైన కట్టె వేయడానికి నోరు. మూడు రాళ్ల మీద నిలబెట్టి, జానెడు ముక్కలుగా నరికిన ఎండు కట్టె నింపి నిప్పు పెడతారు. తర్వాత చూడవలసింది పొగనే. మొదట దట్టంగా తెల్లటి పొగ లేస్తుంది, అది కట్టెలోని తేమ. తర్వాత పచ్చగా, ఘాటుగా మారుతుంది, అప్పుడు తారు ఆవిరవుతోంది. పొగ పలచబడి నీలిరంగుకు తిరగగానే ఆలస్యం చేయకూడదు. డ్రమ్మును రాళ్ల మీద నుంచి దించి అడుగున మట్టి ఎగదోయాలి, పైన మూత వేసి అంచుల వెంట బంకమట్టి మెత్తాలి. గాలి లోపలికి పోతే బొగ్గు కాస్తా బూడిద అవుతుంది. డ్రమ్ము పూర్తిగా చల్లారేదాకా మూత తీయకూడదు. తీశాక చేతిలోకి తీసుకున్న ముక్క కట్టె ఆకారంలోనే ఉండి, విరిస్తే టక్కుమని విరగాలి, లోపల గోధుమరంగు కనిపించకూడదు. దంచేముందు నీళ్లు చిలకరించడం తప్పనిసరి, పొడి బొగ్గు ధూళి ఊపిరితిత్తులకు చేటు. తర్వాత ఎరువు గుంతలో పొరలు పొరలుగా వేసి, పశువుల మూత్రమో జీవామృతమో పోసి నెలన్నర, రెండు నెలలు మాగనివ్వాలి. మాగని బొగ్గు నేలలో పడగానే ఉన్న నత్రజనిని తనే లాక్కుని మొదటి పంటను పసుపు పచ్చగా మారుస్తుంది. ఈ దశను దాటవేసి, బొగ్గు పనికిరాదని తీర్మానించుకున్న వాళ్లు చాలామంది ఉంటారు.

బూడిద వేరు, బొగ్గు వేరు. రైస్ మిల్లుల దగ్గర గుట్టలుగా దొరికే ఊక బూడిదలో కర్బనం చాలావరకు కాలిపోయి సిలికా మిగులుతుంది. దాన్ని బయోచార్ పేరుతో వేస్తే మట్టి గుళికకు ఒరిగేది తక్కువ. ఉదజని సూచిక విషయం కూడా ఆలోచించాలి. తైవాన్ నేల ఉదజని సూచిక నాలుగు లోపు, బొగ్గులోని క్షారగుణం దానికి వరమైంది. 2017లో సైమన్ జెఫ్రీ, సహ పరిశోధకులు ప్రపంచవ్యాప్త ప్రయోగాలను కలిపి చూస్తే ఉష్ణమండల పొలాల్లో దిగుబడి సగటున 25 శాతం పెరిగింది, సమశీతోష్ణ దేశాల్లో పెరగలేదు. ఆ పెరుగుదలలో ఆమ్ల నేలలను సరిచేసిన భాగం పెద్దది. మన దగ్గర శ్రీకాకుళం, విశాఖ ఏజెన్సీ నేలలకు, ఆమ్ల గుణం ఉన్న చెల్కలకు ఇది వర్తిస్తుంది. కార్డులో ఉదజని సూచిక ఎనిమిది దాటిన చౌడు ఛాయల నేలకు, సున్నం పాలు ఎక్కువున్న నల్లరేగడికి బొగ్గు కంటే పచ్చిరొట్టే మేలు.

కర్బనం గొలుసులతో చేసిన కృత్రిమ పదార్థాలు కూడా ఉన్నాయి. అమెరికాలో ఇడాహో రాష్ట్రంలోని కింబర్లీ పరిశోధన కేంద్రంలో లెంట్జ్, సోజ్కా సాలు నీటిలో లీటరుకు పది మిల్లీగ్రాముల పాలిఅక్రిలమైడ్ కలిపి, సాళ్ల కోతను 94 శాతం ఆపగలిగారు. అంత తక్కువ మందుతో అంత ఫలితం నిజంగా గొప్పదే. కాలువ కింద బోదెలు తడిపే చోట అది పనికొస్తుంది. ప్రతి తడిలోనూ మళ్లీ కలపాలి, అందులో విషపూరితమైన అక్రిలమైడ్ అవశేషం 0.05 శాతం మించకుండా చూడాలి. వానాధారపు చెల్కకు మాత్రం అది దారి కాదు, నేలకు తిండి పెట్టేది కాదు.

మట్టిని నిలబెట్టే పనిలో బొగ్గు వాటా ఎంత, మిగిలిన వాటి వాటా ఎంత అన్నది పటాన్‌చెరు ఇక్రిశాట్ క్షేత్రం చూస్తే అర్థమవుతుంది. 1976 నుంచి అక్కడ రెండు నల్లరేగడి వాటర్‌షెడ్లను పక్కపక్కన కొలుస్తూ వచ్చారు. పాత పద్ధతిలో, వానాకాలం బీడు వదిలి తర్వాత విత్తిన దాంట్లో ఏటా హెక్టారుకు 6.4 టన్నుల మట్టి పోయింది. వెడల్పాటి మడులు, కాలువలు తీసి, వానాకాలంలోనూ పంట ఉంచి, కంది లాంటి పప్పుజాతిని కలిపి, సమతూకంగా ఎరువులు వేసిన దాంట్లో 1.5 టన్నులే పోయింది. ఒక్క కిలో బొగ్గు వేయకుండానే నేలలో కర్బనం హెక్టారుకు ఏటా 330 కిలోలు అదనంగా చేరింది. అది వేళ్ల నుంచి, రాలిన ఆకు నుంచి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే నవధాన్యాలు విత్తి, ఏడాది పొడవునా నేలను పచ్చగా కప్పి ఉంచాలంటున్నది ఈ కారణం చేతనే. చినుకు ఆకు మీద పడాలి, మట్టి మీద కాదు. గట్టు, కప్పు, వేరు ఈ మూడూ ఉన్న పొలంలో బొగ్గు చేసే మేలు నిలుస్తుంది. అవి లేని పొలంలో బొగ్గే నిలవదు.

ఇప్పుడు బయోచార్ వెనక పెద్ద డబ్బు కదులుతోంది. టన్ను మంచి బొగ్గు నేలలో పడితే గాలిలోకి పోకుండా ఆగే బొగ్గుపులుసు వాయువు రెండున్నర టన్నుల దాకా ఉంటుంది. 2025 జనవరిలో గూగుల్ సంస్థ వరాహా అనే భారతీయ కంపెనీతో లక్ష టన్నుల కార్బన్ క్రెడిట్ల కొనుగోలు ఒప్పందం కుదుర్చుకుంది. ఆ కంపెనీ గుజరాత్‌లో సర్కారు తుమ్మ కట్టెను బొగ్గు చేస్తోంది. సర్కారు తుమ్మ మన చెరువు గర్భాల్లో, పోరంబోకుల్లో కూడా ఎంత కావాలంటే అంత ఉంది. ఈ మార్గాన్ని నేను ఆహ్వానిస్తాను, ఒక షరతు మీద: చెల్క నుంచి తీసిన కట్టె చెల్కకే బొగ్గుగా తిరిగి రావాలి, క్రెడిట్ డబ్బులో రైతుకు వాటా రాతపూర్వకంగా ఉండాలి. పొలంలోని కర్బనాన్ని కట్టె రూపంలో తీసుకుపోయి ఎక్కడో పాతిపెడితే లోకానికి లెక్క సరిపోవచ్చు, ఆ పొలానికి మాత్రం అది ఇంకో రకం కోతే.

పత్తి ఏరడం అయ్యాక జనవరి నుంచి మార్చి దాకా తెలంగాణ పల్లెల్లో సాయంత్రం వేళ కట్టె కుప్పలకు నిప్పు పెడతారు. గులాబీ రంగు పురుగు కట్టెలో దాగి మళ్లీ వస్తుందని, పీకేయమని అధికారులే చెబుతారు, అది సరైన సలహానే. పీకిన కట్టెను ఏం చేయాలన్న దగ్గరే దారి తప్పుతోంది. ఆరుబయట మంటలో కర్బనం దాదాపు అంతా గాలిలో కలుస్తుంది, మిగిలిన బూడిద గాలికి ఎగిరిపోతుంది. పురుగు చావాలన్న అవసరం డ్రమ్ములో కాల్చినా తీరుతుంది, ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి నేలలో కలిపినా తీరుతుంది. ఊరికి నాలుగైదు డ్రమ్ములు, ఒక ష్రెడ్డర్ ఉమ్మడిగా ఉంటే చాలు. మహిళా సంఘాలు వీటిని అద్దెకు నడపగలవు.

నమ్మకం కుదరని రైతు ఈ ఏడు పది గుంటల్లోనే చూసుకోవచ్చు. మార్చిలో కాల్చి మాగవేసిన బొగ్గు ఎరువును మృగశిర కార్తె ముందు సాలులో వేసి విత్తాలి, పక్కనే అంతే పొలంలో ఒట్టి పశువుల ఎరువు వేయాలి, రెండింటి మధ్య చిన్న గట్టు పోయాలి. వాలు చివర ఒక్కో ముక్కకు ఒక్కో గుంత తవ్వి, అడుగున యూరియా సంచి పరవాలి. పెద్ద వాన వెలిసిన మర్నాడు సంచుల మీద చేరిన మట్టిని ఎండబెట్టి తూచాలి. మొదటి ఏడాది తేడా కొద్దిగానే ఉండొచ్చు, ఒక్కోసారి ఉండకపోవచ్చు కూడా. మూడు వానాకాలాలు అదే మడిలో, అదే సాలులో వేస్తూ తూకాలు రాసుకుంటే, ఆ నేలకు బొగ్గు అక్కరకొస్తుందో లేదో తేలిపోతుంది.